తుండికేరి: కోయవలయునా, వలదా?

బిడ్డలకు గొంతునొప్పి రాని యిల్లుండదు. ఏటి కొకటి రెండు మార్లు వచ్చి నాలుగు దినములలో పోవు నొప్పిని గూర్చి యెవరును విచారింపరు. కాని నెల తిరుగకమునుపే మరల వచ్చి, వచ్చిన ప్రతిసారియు జ్వరము తెచ్చి, గ్రుక్కెడు పాలు మ్రింగుటకును వీలులేక బిడ్డ బడి మాని వారము దినములు మంచము పట్టినపుడు తలిదండ్రుల యెదుట నొక ప్రశ్న నిలుచును. గొంతున కిరుప్రక్కల వాచియున్న టాన్సిలు గ్రంథులను కోయించి తీసివేయింపవలయునా, లేక ఓపికపట్టి యుండవలయునా? ఒక వైద్యుడు ఆలస్యము చేయవలదనును. మరియొకడు వయసు వచ్చిన కొలది నవియే తగ్గునని చెప్పును. ఇంటిలోని ముసలమ్మ కత్తి మాట యెత్తనీయదు. పొరుగింటివారు తమ పిల్లవానికి కోయించిన పిదప వాడెంత పుష్టిగా పెరిగినదియు వర్ణింతురు. ఈ నాలుగు మాటలలో దేనిని నమ్మవలయును?

ఈ ప్రశ్న చిన్నదిగా కన్పట్టును గాని దీనికి రెండువేల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలోని విచిత్ర మేమనగా, గ్రంథులను కోయుట యెట్లో మానవుడు మిక్కిలి పూర్వమే నేర్చుకొనెను. ఎవరికి కోయదగును, ఎవరికి కోయరాదు అను విచారణ మాత్రము సరిగా మొదలై నూరేండ్లు కూడ కాలేదు. నడుమనున్న కాలమందు, ముఖ్యముగా ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున, లక్షలాది బిడ్డల గొంతులపై కత్తి యాడినది. అందు కొందరు మరణించిరి. ఆ విచారణ యెట్లు పుట్టినదో, దానివలన నేటి గృహస్థులు గ్రహింపదగిన దేమో చెప్పుటకే యీ వ్యాసము.

ముందుగా నామములను గూర్చి రెండు మాటలు. నోరు బాగుగా తెరచి అద్దములో చూచుకొన్నచో అంగిటినుండి వ్రేలాడు చిన్న మాంసఖండము కనబడును. అది కొండనాలుక. దాని కిరువైపుల, నాలుక మొదట, గోడలో పొదిగినట్లున్న రెండు గ్రంథులే టాన్సిళ్లు. మనలో పలువు రీ రెంటిని కలగాపులగము చేయుదురు. కొండనాలుకకు మందు వేసిన నున్న నాలుక యూడినదను సామెత మొదటిదానిని గూర్చినదే యైనను, నేను చెప్పబోవు కథలో కొంతభాగమున కది చక్కగా నన్వయించును. 1884వ సంవత్సరమున వాల్డయరు అను జర్మను శరీరశాస్త్రజ్ఞుడు, ఈ టాన్సిళ్లును, ముక్కు వెనుక నున్న అడినాయిడు గ్రంథియు, నాలుక మొదటనున్న అట్టి కణజాలమును కలిసి గొంతుద్వారము చుట్టు నొక వలయముగా నేర్పడియున్నవని వర్ణించెను. గాలితోను అన్నపానములతోను లోనికి వచ్చు సూక్ష్మక్రిములను మొదట నెదుర్కొని, వానిని గుర్తుపట్టుట శరీరమునకు నేర్పునవి యివియే. బాల్యమున నా పని యెక్కువ. కావున మూడు నాలుగేండ్లు మొదలు ఏడెనిమిదేండ్లదాక నవి పెద్దవిగా నుండి, తరువాత క్రమముగా చిన్నవగును. పెద్దవిగా నుండుట మాత్రమే రోగము కాదన్నమాట. ఈ యొక్క సంగతిని మరచుటచేత నెంత కీడు జరిగినదో ముందు చూతము.

మన ప్రాచీన వైద్యగ్రంథములలో ముఖరోగ ప్రకరణమున తుండికేరి యను రోగము పేర్కొనబడినది. వాగ్భటుడు అష్టాంగహృదయమున దానిని, దవుడల సంధి నాశ్రయించి కంఠమున పుట్టు వాపుగను, ప్రత్తికాయను పోలి, జిగటగను గట్టిగను ఉండి కొద్దిపాటి నొప్పి గలదిగను వర్ణించెను. ఆ చోటును ఆ పోలికను చూచిన నది వాచిన టాన్సిలే యని తోచును. సుశ్రుతుడు గళశుండిక, అనగా వాచి వ్రేలాడు కొండనాలుక, విషయమున శస్త్రవిధానమును విపులముగా చెప్పినాడు. దానిని వ్రేళ్లతో పట్టకారువలె పట్టి ముందునకు లాగి, మండలాగ్రమను కత్తితో, ఎక్కువయు తక్కువయు గాక కొలతగా కోయవలయును. ఎక్కువ కోసినచో రక్తము వెల్లువగా కారి రోగి మరణించును. తక్కువ కోసినచో వాపు, చొంగ, మగతనిద్ర, కన్నులకు చీకట్లు కలుగును. తుండికేరి మొదలగు మరికొన్నింటికిని ఇదియే విధి యనియు, శస్త్రకర్మమున మాత్రము విశేష మున్నదనియు నాతడు చెప్పి ముగించెను.

మన పూర్వులు టాన్సిలు కోతను వేలయేండ్ల క్రిందటనే చేయుచుండిరని కొందరు గర్వముతో వ్రాయుదురు. గ్రంథము విప్పి చూచిన నంత తేలికగా చెప్పుటకు వీలులేదు. సుశ్రుతుడే సూత్రస్థానమున శస్త్రకర్మల నెనిమిది విధములుగా విభజించి, ఏ రోగమున కేది తగునో పట్టిక యిచ్చినాడు. అందు గళశుండిక ఛేద్యములలో, అనగా కోసి తీసివేయదగినవానిలో నున్నది. తుండికేరి మాత్రము భేద్యములలో, అనగా చీల్చి లోని దోషమును వెడలింపదగినవానిలో నున్నది. అతడు చెప్పిన విశేష మిదియే కావచ్చును. చీము పట్టిన గొంతుగడ్డను చీల్చుట వేరు, గ్రంథిని సమూలముగా పెకలించుట వేరు. నాకు జూడగా సుశ్రుతుని ఘనత మనము పూర్వులకు కట్టబెట్టు కోతలో లేదు. ఒకే గొంతులోని రెండు వాపులకు రెండు వేరు చికిత్సలు విధించిన యా వివేచనలో నున్నది.

రోమునందు క్రీస్తుశకము మొదటి శతాబ్దమున సెల్సస్ అను నాతడు వైద్యమును గూర్చి లాటినున గొప్ప గ్రంథమును వ్రాసెను. వాపు తీసిన పిదప గట్టిపడి నిలిచిపోయిన టాన్సిళ్లను, చుట్టును వ్రేలితో గీరి వదులుచేసి పెకలింపవలయుననియు, అట్లు రానిచో కొక్కెముతో పట్టి కత్తితో కోయవలయుననియు, పిమ్మట పుల్లని ద్రాక్షకాడితో కడుగవలయుననియు నాతడు వ్రాసినాడు. మత్తుమందు లేని కాలమున నది యెంత ఘోరమో చదువరు లూహింపగలరు. ఏడవ శతాబ్దమున నేజినా ద్వీపవాసియైన పౌలుడను గ్రీకు వైద్యు డింకొక అడుగు ముందునకు వేసెను. మంట పుట్టి యెఱ్ఱగా నున్నపుడు కోయరాదనెను. తెల్లగా కుదించుకొని సన్నని మొదలు గలవానిని కోయవచ్చుననియు, మెత్తగా నెఱ్ఱగా వెడల్పు మొదలు గలవి రక్తము కార్చుననియు వేరుపరచెను. ఎవరికి తగును అను ప్రశ్న కిది యొక విధమైన సమాధానమే. కాని ఈ యెంపికయంతయు కత్తికి లొంగునా, లొంగదా యని చూచుటయే గాని, రోగికి ప్రయోజనము కలుగునా యని చూచుట కాదు.

తరువాత పండ్రెండువందల యేండ్ల కథను దాటిపోవచ్చును. 1828వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఫిజిక్ అను శస్త్రవైద్యుడు, కొండనాలుకను కోయుట కంతకుముందున్న యంత్రమును మార్చి, టాన్సిలును గూడ కోయుటకు వీలుగా చేసెను. ఉంగరమువంటి రంధ్రములో గ్రంథిని చిక్కించుకొని కత్తిని త్రోసినచో ముక్క తెగివచ్చును. ఫ్రాన్సుదేశపు విప్లవకాలమున తలలు నరికిన యంత్రము పేరే దీనికి గిలొటిన్ అని పెట్టిరి. లండనులో మొరెల్ మెకంజీ యను గొంతువైద్యుడు దీనిని మెరుగుపరచి ప్రచారము చేసెను. 1846వ సంవత్సరమునుండి ఈథరు మత్తు వచ్చినది. నేర్పరియైన వైద్యుడు నిమిషము పట్టకమున్నే రెండు గ్రంథులను తీసి పళ్లెములో వేయగలిగెను. పనిముట్టు సులువైనకొలది దానిని వాడవలెనను కోరిక పెరుగుట మానవస్వభావము.

ఆ కోరికకు శాస్త్రమొకటి తోడైనది. ఇరువదవ శతాబ్దారంభమున ఇంగ్లండులో విలియం హంటరు, చికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్సు మున్నగు ప్రసిద్ధవైద్యులు, శరీరములో నొక మూల దాగియున్న చీము రక్తముద్వారా వ్యాపించి కీళ్లనొప్పులకు, గుండెజబ్బులకు, మూత్రపిండముల జబ్బులకు కారణమగునని బోధించిరి. పండ్లును టాన్సిళ్లును ఆ చీము దాగు స్థలములుగా నెంచబడెను. అమెరికాలోని ట్రెంటన్ నగరమున మానసిక రోగుల ఆసుపత్రి యధికారి హెన్రీ కాటన్ ఉన్మాదమునకును ఇదియే మూలమని నమ్మి రోగుల పండ్లను, టాన్సిళ్లను, తుదకు ప్రేగులను గూడ తీసివేయించెను. ఇందు సత్యము కొంత లేకపోలేదు. స్ట్రెప్టోకాకస్ అను క్రిమి గొంతులో చేరినపుడు కొందరు బిడ్డలకు కొన్ని వారములకు కీళ్లజ్వరము వచ్చి గుండె కవాటములు చెడును. కాని యా కొంత సత్యమును పట్టుకొని సకలరోగములకును టాన్సిలునే నేరస్థునిగా నిలువబెట్టుట వివేకము కాదు. పెన్సిలిన్ లేని దినములలో గొంతుజబ్బు ప్రాణాంతకముగా నుండెడిదనియు, ఏదో యొకటి చేయకుండుట వైద్యునకు దుస్సహముగా నుండెడిదనియు వారి పక్షమున చెప్పవలసియున్నది.

ఇంగ్లండులో 1907వ సంవత్సరపు చట్టముతో పాఠశాలలలో బిడ్డల వైద్యపరీక్ష మొదలైనది. అది నిజముగా గొప్ప సంస్కారము. దానివలన చూడని కన్నులు, వినని చెవులు, పుచ్చిన పండ్లు బయటపడెను. కాని వరుసగా నిలిచిన బిడ్డల నోళ్లను నిమిషమున కొకటి చొప్పున చూచు వైద్యునకు, ఆ వయసున పెద్దవిగా నుండుటయే సహజమైన గ్రంథులు రోగముగా కనబడెను. తొందరపడు మంచిపని యెట్టి చెడుపనికి దారితీయగలదో దీనివలన తెలియును.

ఇక న్యూయార్కు నగరమున జరిగిన పరీక్షను కొంచెము నిదానముగా చెప్పెదను. 1934వ సంవత్సరమున అమెరికను బాలారోగ్య సంఘమువారు దానిని ప్రకటించిరి. ఆ నగరపు పాఠశాలలలోని పదునొకండేండ్ల బిడ్డలు 1000 మందిని తీసికొని చూడగా, అందు 611 మందికి అప్పటికే టాన్సిళ్లు తీసివేయబడియుండెను. మిగిలినవారు 389 మంది. వారిని వైద్యులకు చూపగా 174 మందికి కోయవలయునని చెప్పిరి. కోయ నక్కరలేదన్న 215 మందిని, మునుపటి సంగతి తెలుపకయే, మరికొందరు వైద్యులకు చూపిరి. వారందు 99 మందికి కోయుమనిరి. ఇక మిగిలినవారు 116 మంది. రెండుమార్లు నిర్దోషులని తేలిన వీరిని మూడవమారు వేరు వైద్యులకు చూపగా 51 మందికి కోత విధింపబడెను. తుదకు వేయిమందిలో తమ గ్రంథులతో బయటపడినవారు 65 మంది మాత్రమే. నాలుగవమారు చూపుటకు వైద్యులు మిగులకపోవుటచేత పరీక్ష యంతటితో నాగినది.

చదువరు లీ యంకెలను మరల నొకమారు చూడవలయును. ప్రతిసారియు వైద్యులు తమ కెదురుపడినవారిలో నూటికి నలుబదియైదుగురి ప్రాంతమున కోతకు తీసిరి. బిడ్డలు మారినను, మిగిలినవారు మరింత ఆరోగ్యవంతులైనను, ఆ పాలు మారలేదు. అనగా వైద్యుడు బిడ్డ గొంతులో చూచినది రోగమును కాదు. ఇంతమందికి రోగముండునని తన మనస్సులో ముందే యేర్పడిన లెక్కను. మా యుపాధ్యాయవృత్తిలో నిట్టిది లేకపోలేదు. తరగతిలో సగముమంది తప్పక తప్పుదురని నమ్మిన పరీక్షకునకు ఉత్తీర్ణులైనవారి పత్రములనే మరల నిచ్చినచో నందును సగమును తప్పించునేమో! ఆ వైద్యులు ధనాశాపరులని గాని అజ్ఞానులని గాని యెవరును చెప్పలేరు. శ్రద్ధతోనే చూచిరి. ఏ గుర్తులుండిన కోయదగునో యందరికి సమ్మతమైన నియమ మొకటియు లేకపోవుటయే లోపము.

ఇంగ్లండులో నాలుగేండ్ల పిదప, 1938వ సంవత్సరమున, అలిసన్ గ్లోవరు అను వైద్యుడు రాజకీయ వైద్యసంఘము నెదుట నొక వ్యాసము చదివెను. ఆతడు కత్తి పట్టలేదు, గొంతులు చూడలేదు. ఏ జిల్లాలో నెంతమంది బడిపిల్లలకు టాన్సిళ్లు తీసిరో యా పట్టికలను మాత్రము ప్రక్కప్రక్కన పెట్టి చూచెను. ఒకే దేశమున, ఒకే శీతోష్ణస్థితిలో, ఒక జిల్లాకును మరియొక జిల్లాకును ఎన్నో రెట్ల భేదము కనబడెను. ఇరుకు ఇండ్లా కారణము? పేదరికమా? తిండిలేమియా? ఒక్కటియు సరిపడలేదు. పైపెచ్చు, చక్కని ఇండ్లలో మంచి తిండి తిని పెరిగిన ధనికుల బిడ్డలకే పేదబిడ్డలకంటె నెక్కువగా కోతలు జరిగియుండెను. ఆయా చోట్ల వైద్యుల యభిప్రాయభేదము తప్ప దీనికి వేరు కారణము కనబడదని గ్లోవరు తేల్చెను.

ఆతడు చూపిన యుదాహరణములలో లండను నుత్తరమున నున్న హారన్సీ యను పురము ముఖ్యమైనది. అచట 1928వ సంవత్సరమున 186 మంది బడిపిల్లలకు టాన్సిళ్లు తీసిరి. మరుసటి యేట నా సంఖ్య 12. ఆ యూరి గాలి మారలేదు, నీరు మారలేదు, బిడ్డలు మారలేదు. పాఠశాల వైద్యాధికారి మాత్రము మారెను. క్రొత్తగా వచ్చిన యధికారి వేచి చూచుట మంచిదను మతమువాడు. తరువాతి యేండ్లలోను ఆ సంఖ్య యట్లే తక్కువగా నుండెను. కోయక విడిచిన బిడ్డలకు దానివలన కీడేమియు కలుగలేదు. మునుపు కోతకు గురియైన బిడ్డలలో నెందరికి నిజముగా నవసరమై యుండెనో చెప్పు సాక్ష్య మింతకంటె నేమి కావలయును? ఆ కాలమున ఇంగ్లండు, వేల్సులలో నీ శస్త్రమువలన నేటేట పదులకొలది బిడ్డలు మరణించుచుండిరని ప్రభుత్వపు మరణపట్టికలే చెప్పుచుండెను. మత్తు వికటించి కొందరు, రక్తస్రావముచే కొందరు. ఆరోగ్యముగా నడచి ఆసుపత్రికి పోయిన బిడ్డ, అవసరములేని శస్త్రముచే తిరిగి రాకపోవుటకంటె తలిదండ్రులకు వేరు శోక మేమి యుండును?

మరియొక ప్రమాదము 1941వ సంవత్సరమున బయటపడెను. అమెరికాలోని ఆక్రన్ నగరమున నొక కుటుంబమున ఆరుగురు బిడ్డలు. అందైదుగురికి ఒకే మారు టాన్సిళ్లు తీయించిరి. అప్పు డా ప్రాంతమున పోలియో తిరుగుచుండెను. ఆ యైదుగురికిని పోలియో మెదడు మొదటి కెక్కి మ్రింగుటను, ఊపిరిని అడ్డగించునట్టి కఠినరూపమున సోకినది, ముగ్గురు మరణించిరి. శస్త్రము జరుగని యారవ బిడ్డకు మాత్రము పక్షవాతము రాలేదు. గొంతులోని పచ్చిగాయము ఆ క్రిమికి త్రోవ యిచ్చెనని వైద్యులు తెలిసికొని, పోలియో తిరుగు ఋతువులలో నీ శస్త్రము వలదని చెప్పసాగిరి. గ్రంథులు పనికిమాలిన మాంసపుముద్దలు గావని చాలమందికి నమ్మకము కలుగుట కట్టి సంఘటనలు కూడ తోడ్పడినవి.

ఇన్ని తెలిసినను అలవాటు వెంటనే మానలేదు. అమెరికాలో 1959వ సంవత్సరమున నొక్క యేట పదునాలుగు లక్షల శస్త్రములు జరిగెను. పెన్సిలిన్ వచ్చి అప్పటికి పదునైదేండ్లు దాటినది! 1973వ సంవత్సరమున వెన్‌బర్గు, గిటెల్‌సన్ అను నిరువురు వెర్మాంట్ రాష్ట్రమును పదుమూడు ఆసుపత్రి ప్రాంతములుగా విభజించి లెక్కించి చూడగా, పదివేలమందికి ఒకచోట 13 టాన్సిలు కోతలును, మరియొకచోట 151 కోతలును జరుగుచున్నవని తేలెను. గ్లోవరు చెప్పిన మాటయే ముప్పదియైదేండ్ల తరువాత మరియొక ఖండమున పునరుక్తమైనది. క్రమముగా కోతలు తగ్గినవి. కాని తగ్గించుట మాత్రమే వివేకము కాదు గదా. నిజముగా నవసరమైన బిడ్డ యెవరు? వానిని గుర్తించు టెట్లు?

ఈ ప్రశ్నకు పిట్స్‌బర్గు నగరపు బాలల ఆసుపత్రిలో జాక్ పారడైజ్ అను వైద్యుడును ఆతని సహచరులును ఏండ్లతరబడి పాటుపడి సమాధానము వెదకిరి. వారు మొదట కనుగొన్న సంగతి గృహిణులకు ముఖ్యముగా తెలియదగినది. బిడ్డకు మాటిమాటికి గొంతునొప్పి వచ్చుచున్నదని తలిదండ్రులు చెప్పినను, వైద్యుల వ్రాత లేని బిడ్డలు 65 మందిని తీసికొని, కోయక, ప్రతి నొప్పిని వచ్చినపుడే పరీక్షించి వ్రాయసాగిరి. మొదటి సంవత్సరమున తలిదండ్రులు చెప్పినంత తీవ్రముగా, చెప్పినన్ని మార్లు నొప్పి వచ్చినవారు 11 మంది మాత్రమే. ఇది 1978వ సంవత్సరమున ప్రకటింపబడెను. తల్లులు అసత్యమాడిరని దీని యర్థము కాదు. రాత్రియెల్ల మేలుకొని కూర్చున్న తల్లికి మూడు జ్వరములు ఆరుగా తోచుట సహజము. పైగా, చెడుగా గడచిన యేటి వెంట సాధారణముగా కొంత మంచి యేడు వచ్చును. తరగతిలో హాజరుపట్టీని చూచు మావంటివారి కిది క్రొత్త కాదు. బిడ్డ యేడాది పొడుగున జబ్బుపడెనని తండ్రి మనస్ఫూర్తిగా చెప్పుచుండగా, పట్టీలో నాలుగు సెలవు చీటీలు మాత్రమే యుండును.

1984వ సంవత్సరమున వారు ప్రకటించిన రెండవ పరిశోధనలో నియమమును మొదటనే గట్టిగా బిగించిరి. ఒక్క సంవత్సరములో ఏడు మార్లయినను, లేక వరుసగా రెండేండ్లు ఏటికి ఐదు మార్లయినను, లేక వరుసగా మూడేండ్లు ఏటికి మూడు మార్లయినను గొంతునొప్పి వచ్చియుండవలయును. ప్రతి నొప్పికిని 101 డిగ్రీలు దాటిన జ్వరమో, మెడలో బిళ్లకట్టుటో, టాన్సిలుపై తెల్లని పొరయో, స్ట్రెప్టోకాకస్ ఉన్నదని పరీక్షలో తేలుటయో, వీనిలో నొకటియైన నుండవలయును. వచ్చినపుడే మందు వాడి, వచ్చినపుడే వైద్యుడు వ్రాసియుండవలయును. ఇట్టి బిడ్డలలో కోయించుకొన్నవారికి మొదటి రెండేండ్లును నొప్పులు స్పష్టముగా తగ్గినవి. మూడవ యేట భేద మంతగా లేదు. ఇందు మరచిపోరానిది మరియొకటి. కోయని బిడ్డలలోను చాలమందికి నొప్పులు వానియంతట నవియే తగ్గినవి. అనగా కోత ప్రయోజనము గలది. కాని యది కొంతకాలమునకు, కొంతమేరకు. వేచియుండుటయు నొక చికిత్సయే. 2002వ సంవత్సరమున ఇంతకంటె తేలికగా బాధపడు బిడ్డలపై జరిపిన పరిశోధనలో, వారికి కలుగు స్వల్పలాభము శస్త్రముయొక్క నొప్పికిని అపాయమునకును ఖర్చునకును తగినది కాదని తేల్చిరి. నే డనేకదేశములలోని వైద్యసంఘములు ఏడు, ఐదు, మూడు అను నీ లెక్కనే ప్రమాణముగా గైకొన్నవి.

పెద్దల సంగతి కొంత వేరు. బ్రిటనులో 453 మంది పెద్దలపై జరిపిన పరిశోధన 2023వ సంవత్సరమున ప్రకటింపబడినది. రెండేండ్లలో, వెంటనే కోయించుకొన్నవారికి మధ్యస్థముగా 23 దినములును, వేచియుండినవారికి 30 దినములును గొంతునొప్పి యుండెను. వారమునాళ్ల లాభమునకై పెద్దవారు రెండు వారముల తీవ్రమైన నొప్పిని పడవలయునా యనునది వారి వారి యుద్యోగమును, ఓర్పును, బాధను బట్టి వారే నిర్ణయించుకొనదగినది.

గొంతునొప్పుల లెక్కతో సంబంధములేక కోయవలసిన సందర్భములును కలవు. ఒక గ్రంథి మాత్రమే వేగముగా పెరుగుచున్నచో, ముఖ్యముగా పెద్దలలో, అది పుట్టకురుపేమో యని వెంటనే చూపవలయును. టాన్సిలు ప్రక్క చీము మరల మరల పట్టుచున్నను శస్త్రము నాలోచింతురు. బిడ్డలలో నన్నింటికంటె ముఖ్యమైనది నిద్ర. గ్రంథులు త్రోవ నడ్డగించుటచే బిడ్డ రాత్రి పెద్దగా గురకపెట్టుచు, నడుమ నడుమ ఊపిరి నిలిచి, ఉలికిపడి మరల పీల్చుకొనుచున్నచో, అది మన యిండ్లలో నవ్వుకొను విషయము కాదు. 2013వ సంవత్సరమున అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో ఐదు మొదలు తొమ్మిదేండ్లవరకు గల 464 మంది బిడ్డలను రెండు భాగములుగా చేసి, ఒక భాగమునకు శస్త్రము చేసి, ఒక భాగమును ఏడు నెలలు వేచియుంచి చూచిరి. నిద్రలో నూపిరి సరియైనవారు కోసినవారిలో నూటికి 79 మంది, కోయనివారిలో 46 మంది. ప్రవర్తనయు, ఉత్సాహమును కోసినవారిలోనే మెరుగయ్యెను. ఏకాగ్రతను కొలుచు పరీక్షలో మాత్రము భేదము కనబడలేదు. కావున చదువు వచ్చుటకై టాన్సిళ్లు కోయింతుమను తండ్రులు ఆ యాశ కొంత తగ్గించుకొనవలయును.

మన దేశమున నింకొక భయము కలదు. కీళ్లజ్వరముచే గుండె కవాటములు చెడినవారు మన పల్లెలలో నేటికిని కనబడుచున్నారు. ఆ భయముచేత టాన్సిళ్లు కోయించినచో రక్షణ కలుగునని తలచువారు కొంద రున్నారు. రక్షణ కలిగించునది పెన్సిలిన్. గొంతులో స్ట్రెప్టోకాకస్ ఉన్నదని తేలినపుడు మందును పూర్తి దినములు వాడుటయు, ఒకసారి కీళ్లజ్వరము వచ్చిన బిడ్డకు మూడు నాలుగు వారముల కొకసారి సూది వేయించుట ఏండ్లతరబడి మానకుండుటయు ముఖ్యము. గ్రంథులు తీసివేసినంతమాత్రమున నా సూది మానుకొనుటకు వీలులేదు.

కోత నిశ్చయమైన యింటికిని చెప్పవలసిన దున్నది. నేటి మత్తును, నేటి శస్త్రమును 1930 ప్రాంతపువానికంటె నెన్నో రెట్లు సురక్షితములు, మరణ మరుదు. కాని రక్తస్రావము మొదటి దినముననే గాక, ఐదవ దినమునకును పదవ దినమునకును నడుమ, గాయముపై తెల్లని పొర యూడు సమయమున వచ్చుట కలదు. బిడ్డ ఆటలాడుచున్నది గదా యని యా దినములలో దూరప్రయాణము పెట్టుకొనరాదు. ఉమ్మిలో ఎఱ్ఱని రక్తము కనబడిన రాత్రియని చూడక ఆసుపత్రికి పోవలయును. నీరు త్రాగించుట మానరాదు. నొప్పికి కొడీన్ కలిసిన మందు బిడ్డలకు వలదు. కొందరి శరీరములలో నది త్వరగా మార్ఫీనుగా మారి ఊపిరిని ఆపునని తేలుటచే 2013వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ ఈ శస్త్రము జరిగిన బిడ్డలకు దాని నీయరాదని కఠినముగా హెచ్చరించినది.

నిశ్చయము కాని యింట, పంచాంగము ప్రక్కన నొక చిన్న నోటుపుస్తకము పెట్టుకొన్న చాలును. నొప్పి వచ్చిన తేది, జ్వర మెన్ని డిగ్రీలు, మెడలో బిళ్లకట్టినదా, వైద్యుడు గొంతు చూచి యేమనెను, ఏ మందు ఎన్ని దినములు వాడిరి, బడి యెన్నాళ్లు పోయినది. చదువు వచ్చిన తల్లియైన తానే వ్రాయును. రానిచో బడికి పోవు పెద్దబిడ్డ వ్రాయును. ఏడు, ఐదు, మూడు అను లెక్కకు ఆ పుటలే సాక్ష్యము. నిద్రను గూర్చి వేరొక పుట విడువవలయును: గురక వారమున నెన్ని రాత్రులు, నడుమ నూపిరి నిలిచినదా, నోరు తెరచుకొని పడుకొనుచున్నదా, పగలు కునికిపాట్లు పడుచున్నదా యని. ఈ రెండవ పుట నిండుచున్నచో మాత్రము సంవత్సరము ముగియువరకు ఆగ నక్కరలేదు. ఆ వారముననే వైద్యునకు చూపవచ్చును.